తెరిస్తే స్కూల్ బ్యాగ్ లేచి నిలబడే కార్డు – ప్రాజెక్టు డైరీ

మేనల్లుడు మొదటిసారి స్కూల్‌కి వెళ్తున్నాడు, వేరే ఊళ్ళో ఉంటాడు కాబట్టి వాడికో కార్డు చేసి పోస్టులో పంపా. ఇంట్లో పిల్లలకి ఎవరైనా ఇలాంటిది చేయాలనుకుంటే కొలతలన్నీ ఒకచోట ఉంటాయని రాస్తున్నా, ఎక్కడ పాడైందో అదే ఎక్కువ రాశా ఎందుకంటే కాగితం ఖర్చయ్యేది అక్కడే.

మొత్తానికీ పెట్టుకున్న రూల్ ఒక్కటే. కార్డు పిల్లాడిది, అమ్మానాన్నలది కాదు. చదవడం రాని వాడికి అర్థమవ్వాలి, వాడి చేతులతో వాడే తెరవాలి, తెరిచాక చిరగకూడదు. కింద ఎక్కడ ఏం మార్చినా కారణం ఇదే.

దశ 1: సైజు, కాగితం

చతురస్రపు కార్డు చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ వద్దనుకున్నా, ఉత్తరాలు వేరుచేసే మిషన్‌కి చతురస్రపు కవర్లో ఏది పై వైపో తెలియదు, అందుకని కొన్నిచోట్ల దానికి అదనంగా స్టాంపులు అడుగుతారు. ఏ5 షీట్ (148 × 210 మి.మీ.) మధ్యకి మడిస్తే ఏ6 కార్డు (105 × 148) వస్తుంది, దానికి సరిపోయే కవర్ సీ6 (114 × 162). అంటే అడ్డంగా 9, నిలువుగా 14 మి.మీ. ఖాళీ ఉంటుంది. లోపల మడత బొమ్మ ఉన్న కార్డు కొంచెం ఉబ్బుతుంది కాబట్టి ఆ ఖాళీ కావాలి.

త్రాసు లేకపోయినా బరువు లెక్కేసుకోవచ్చు. ఏ0 షీట్ అంటే దాదాపు 1 చదరపు మీటరు, ఏ4 అందులో 16వ వంతు, ఏ5 అందులో 32వ వంతు. కాగితం ప్యాకెట్ మీద ఉండే జీఎస్ఎం అంకెని (ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పేది) 32తో భాగిస్తే ఏ5 షీట్ బరువు గ్రాముల్లో వచ్చేస్తుంది. 300 జీఎస్ఎం అయితే 9.4, 250 అయితే 7.8.

మొదట 300 తీసుకున్నా, గట్టిగా ఉంటుంది కదా అని. మడత దగ్గర పై రంగు పగిలి తెల్లటి గీత వచ్చేసింది. మందం ఒక్కటే కారణం కాదు, అసలు సంగతి కాగితం నార దిశ. కాగితం తయారయ్యేటప్పుడు మిషన్ నడిచే వైపుకి పీచులు ఎక్కువగా వాలి ఉంటాయి, ఆ దిశలో మడిస్తే మెత్తగా మడత పడుతుంది, అడ్డంగా మడిస్తే పగులుతుంది. నేను పెద్ద డ్రాయింగ్ షీట్‌లోంచి ఎటు వీలైతే అటు కోసిన ముక్క అది, నార అడ్డంగా పడింది.

నార ఎటుందో చూసే పద్ధతి:

1. మిగిలిన ముక్కలోంచి చిన్న చతురస్రం కోసి, ఏ అంచు ఎటుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.
2. ఒక వైపు మాత్రమే తడి వేలితో రాయండి.
3. కాగితం గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడవు ఎటుందో నార అటే.
4. కార్డు మడత ఆ దిశలోనే రావాలి.

నార పొడుగు వైపుకి ఉన్న ఏ4 దొరికితే పని తేలిక, దాన్ని సగానికి కోసిన ఏ5లో నార 148 మి.మీ. అంచు వెంట ఉంటుంది, మన మడత కూడా అటే. 250 జీఎస్ఎంలో అలాంటిది తీసుకుని మళ్ళీ చేస్తే పగుల్లేదు.

మడత వేసే ముందు గీత నొక్కాలి, లేకపోతే మడత వంకర పోతుంది. ఇంకు అయిపోయిన బాల్ పెన్ను, స్టీలు స్కేలు చాలు. కట్టర్‌తో పైపైన గీస్తే తొందరగా అవుతుంది కానీ పిల్లాడు పదిసార్లు తెరిచి మూస్తే అక్కడే విడిపోతుంది, చేయొద్దు.

ఇప్పటిదాకా బరువు: 7.8 గ్రా.

దశ 2: లేచి నిలబడే బ్యాగ్

ఈ దశకే ఎక్కువ టైం పట్టింది.

మొదట చేసింది పెట్టె మడత, అంటే మెట్టులాగా ముందుకి పొడుచుకొచ్చి దాని మీద బొమ్మ అంటించేది. దీనికి లెక్క సులువు, మెట్టు లోతు + బొమ్మ ఎత్తు కలిపి పేజీ వెడల్పు కన్నా తక్కువ ఉంటే కార్డు మూసినప్పుడు బొమ్మ బయటికి రాదు. లోతు 30, ఎత్తు 65, మొత్తం 95, పేజీ 105. లెక్క ప్రకారం అంతా బాగుంది, కార్డుని సగం తెరిచి బల్ల మీద పెడితే బ్యాగ్ అందంగా నిలబడింది.

పక్కింటి పాపకి ఇచ్చి చూశా, నాలుగేళ్ళు ఉంటాయి. కార్డు తీసుకోగానే రెండు చేతులతో బార్లా తెరిచి నేల మీద పరిచేసింది. బ్యాగ్ పడుకుండిపోయింది. పెట్టె మడత తీరే అంత, 90 డిగ్రీల దగ్గర నిలబడుతుంది, 180కి వెళ్తే పేజీకి అతుక్కుపోతుంది. పెద్దవాళ్ళు సగం తెరిచి పట్టుకుని చూస్తారు, పిల్లలు నేల మీద పరుస్తారు. కాబట్టి ఇది చెత్తబుట్టకే.

మార్చింది వి మడత. మధ్యలో మడిచిన ఒకే ముక్క, దాని అడుగు అంచులు కార్డు మడతకి రెండు వైపులా ఏటవాలుగా అంటుకుంటాయి, పైనుంచి చూస్తే ఇంగ్లీషు వి (V) అక్షరంలా కనబడుతుంది. ఇది 180 డిగ్రీలు తెరిచినప్పుడే నిటారుగా నిలబడుతుంది, మనకి కావాల్సింది అదే.

కొలతలు: బ్యాగ్ వెడల్పు 80, ఎత్తు 70 మి.మీ., మధ్యలో నిలువు మడత, అడుగున రెండు వైపులా 10 మి.మీ. అంటింపు చెవులు. కాగితం 200 జీఎస్ఎం. వి మొన చూసేవాళ్ళ వైపుకి, వి రెండు గీతలూ కార్డు మడతకి చెరో 60 డిగ్రీలు.

దీంట్లో లెక్క పెట్టె మడత అంత తేలిక కాదు. మూసినప్పుడు బ్యాగ్ చూసేవాళ్ళ వైపుకి వాలిపోయి పడుకుంటుంది. 60 డిగ్రీలు పెడితే 70 మి.మీ. ఎత్తున్న బ్యాగ్ కింది వైపుకి దాదాపు 61 మి.మీ., పక్కకి 35 మి.మీ. వెళ్తుంది. నేను వి మొనని పేజీ కింది అంచు నుంచి 50 మి.మీ. దగ్గర పెట్టా, పేజీ మధ్య కన్నా కిందికుంటే చూపుకి బాగుంటుందని. మూస్తే 11 మి.మీ. బయటికి తన్నుకొచ్చింది. బ్యాగ్‌ని చిన్నది చేయొచ్చు కానీ చిన్న బ్యాగ్ లేచినప్పుడు ఆ సరదా ఉండదు, అందుకని మొననే 75 మి.మీ. దగ్గరికి జరిపా, ఇప్పుడు 14 మి.మీ. మిగులుతుంది. పక్కకి లెక్క చూస్తే 35కి బ్యాగ్ సగం వెడల్పు ఏటవాలుగా తీసుకునే 35 కలిపి 70, పేజీ 105, ఇబ్బంది లేదు.

కోణాలు రెండు వైపులా సమానంగా లేకపోతే కార్డు మూసుకోదు, లేదా మూసినప్పుడు బ్యాగ్ మధ్యలో కొత్త మడత తెచ్చుకుంటుంది. ప్రొట్రాక్టర్ పెట్టి గీసినా ఒకటి రెండు డిగ్రీలు తేడా వస్తూనే ఉంది. కోణం రెండోసారి గీయకుండా అంటించే పద్ధతి ఇది, ఈ డైరీలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే దీన్ని పెట్టుకోండి:

1. ఎడమ పేజీ మీద మాత్రమే 60 డిగ్రీల గీత గీయండి.
2. బ్యాగ్ ఎడమ చెవికి గమ్ రాసి ఆ గీత మీద అంటించండి. మధ్య మడత అడుగు కొన సరిగ్గా కార్డు మడత మీద ఉండాలి, అర మిల్లీమీటరు కూడా పక్కకి పోకూడదు.
3. బ్యాగ్‌ని సగానికి మడిచి ఎడమ పేజీ మీద పడుకోబెట్టండి. కుడి చెవి ఇప్పుడు పైకి కనబడుతుంది.
4. ఆ చెవికి గమ్ రాసి కుడి పేజీని దాని మీదకి మూసేయండి. గట్టిగా నొక్కి ఉంచండి.
5. ఆరాక తెరవండి. కోణం దానంతట అదే సరిపోయి ఉంటుంది.

గమ్ విషయం. తెల్ల గమ్‌లో నీళ్ళుంటాయి, ఎక్కువ రాస్తే కాగితం అలలు అలలుగా అవుతుంది, పైగా నొక్కినప్పుడు పక్కకి కారి రెండు పేజీల్నీ అంటించేస్తుంది. గ్లూ స్టిక్‌తో అలలు రావు కానీ చెవులకి దాని పట్టు చాలలేదు, ఆ పాప లాగితే లేచొచ్చింది. చివరికి చెవులకి మాత్రం తెల్ల గమ్, పుల్లతో పల్చగా పూసి, చుట్టూ ప్లాస్టిక్ షీట్ ముక్క పెట్టి బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచా. పెద్ద షీట్లు అంటించేదంతా గ్లూ స్టిక్‌తోనే.

ఇప్పటిదాకా బరువు: 7.8 + బ్యాగ్ 1.3 = 9.1 గ్రా.

దశ 3: లోపలి షీట్, బొమ్మలు

చెవులు పైకి కనబడితే బాగోదు, చిన్న వేళ్ళు వాటిని గోకి లేపుతాయి కూడా. అందుకే లోపల ఇంకో పల్చటి ఏ5 షీట్ (100 జీఎస్ఎం, 3.1 గ్రా.), దానికి వి ఆకారంలో చీలిక పెట్టి బ్యాగ్‌ని అందులోంచి పైకి తీసి షీట్‌ని కార్డు మీద అంటించా. చెవులు మధ్యలో దాక్కుంటాయి, పట్టు కూడా పెరుగుతుంది. బొమ్మలు ముందే వేసేయాలి, బ్యాగ్ నిలబడ్డాక దాని చుట్టూ చెయ్యి తిరగదు.

బొమ్మలు ఏం వేయాలన్నది కొలతల కన్నా ముఖ్యం. మొదటి డ్రాయింగ్‌లో స్కూల్ గేటు, రంగు జెండాలు, నవ్వుతున్న పిల్లలు ఉన్నారు. పాప అంతా చూసి, వేలు పెట్టి "మరి ఇంటికి ఎప్పుడొస్తారు?" అంది. స్కూల్‌కి మొదటిసారి వెళ్ళే పిల్లల మనసులో ఉండేది ఇదే అనిపించింది, మనం ఎన్ని జెండాలు గీసినా దీనికి జవాబు చెప్పకపోతే లాభం లేదు. అందుకని పై వరుసలో ఎడమ నుంచి కుడికి నాలుగు బొమ్మలుగా మార్చా: గేటు దగ్గర టాటా చెప్పడం, క్లాసులో కూర్చోవడం, ఆటలు, చివర్లో అదే గేటు దగ్గర చేతులు చాపి నిలబడ్డ అమ్మ. మొదటి బొమ్మలోనూ చివరి దాంట్లోనూ అమ్మకి ఒకే రంగు చీర వేశా, చదవడం రాకపోయినా రంగు చూసి గుర్తుపడతారు. ఒక్కో బొమ్మ 40 × 40, నాలుగు కలిపి 160, మధ్యలో 10 చొప్పున ఖాళీలు, మొత్తం 190, తెరిచిన వెడల్పు 210లో పడుతుంది. మధ్య ఖాళీ సరిగ్గా మడత మీద వస్తుంది కాబట్టి ఏ బొమ్మా మడతలో నలగదు.

మాటలు తక్కువ. వాడి పేరు పెద్దగా, అక్షరం 20 మి.మీ. ఎత్తు, కింద ఒకే వాక్యం: "నీ కొత్త బ్యాగ్ రెడీ, కొత్త ఫ్రెండ్స్ కూడా రెడీ!" బాగా చదువుకో, ఫస్ట్ రావాలి, పేరు తేవాలి లాంటివి రాయలేదు, మూడు నాలుగేళ్ళ వాడికి ఆ బరువు ఇప్పుడే ఎందుకు. అలా రాయమని ఇంట్లో ఒకరిద్దరు చెప్పారు, అయినా రాయలేదు.

ముందు ప్రింట్ తీద్దామనుకున్నా. కార్డు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేస్తే ఒత్తులు విడిపోయి అక్షరం పక్కన పడ్డాయి, తెలుగు లిపిని కూర్చే సపోర్ట్ అందులో లేదు. వేరే ఎడిటర్‌లో టైప్ చేసి పీడీఎఫ్ తీసి పెడితే అక్షరాలు సరిగ్గా వచ్చాయి కానీ లైన్ల మధ్య దూరం ఇంగ్లీషుకి పెట్టినట్టు ఉంచితే పై లైను ఒత్తులు కింది లైను గుడుల్ని గుద్దుకున్నాయి. దూరం దాదాపు రెట్టింపు పెడితే తప్ప కళ్ళకి బాగోలేదు. ఇంక్‌జెట్ ప్రింట్ మీద తడి వేలు పెడితే చెదిరిపోయింది, లేజర్ అయితే మడత దగ్గర పొడిలా రాలింది. ఇన్ని చూశాక చేత్తోనే రాశా. మామూలు స్కెచ్ పెన్ను కాదు, నీళ్ళకి చెదరని పిగ్మెంట్ ఇంకు పెన్ను, పిల్లల చేతులు ఎప్పుడూ ఏదో ఒక తడితోనే ఉంటాయి.

ఇప్పటిదాకా బరువు: 9.1 + 3.1 = 12.2 గ్రా.

దశ 4: టాటా చెప్పే చెయ్యి, జేబులో చీటీ

కార్డు ముందు వైపు ఊగే చెయ్యి పెట్టా, పట్టుకుని కదిపితే టాటా చెప్తుంది. మొదట ఇత్తడి స్ప్లిట్ పిన్నుతో బిగించా. తీసేశా. ఆ పిన్ను ఉన్నచోట కవర్ గట్టిగా ఉబ్బి మిషన్‌లో ఇరుక్కునే అవకాశం ఉంది, అంతకన్నా పెద్ద విషయం ఆ ఇంట్లో పాకే చంటిది ఉంది. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి 31.7 మి.మీ. వ్యాసం ఉన్న ఒక సిలిండర్ వాడతారు, అందులో పూర్తిగా పట్టే ముక్క ఏదైనా గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉన్నట్టే లెక్క. పిన్ను, బటన్లు, కదిలే ప్లాస్టిక్ కళ్ళు అన్నీ పట్టేస్తాయి. తళుకుల పొడి కూడా వద్దు, కళ్ళలో పడుతుంది.

పిన్ను బదులు కాగితం రివెట్:

1. 4 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. పొడవు పట్టీ కోయండి. రెండు చివర్లా 8 మి.మీ. చొప్పున పైకి మడిస్తే మధ్యలో 4 మి.మీ. చతురస్రం మిగులుతుంది.
2. ఆ చతురస్రాన్ని మాత్రమే కార్డుకి తెల్ల గమ్‌తో అంటించి బాగా ఆరనివ్వండి.
3. చేతి ముక్కకి ఆఫీసు పంచ్‌తో 6 మి.మీ. రంధ్రం వేసి, రెండు రెక్కల్నీ అందులోంచి పైకి తీసి చెరోవైపు విప్పండి.
4. 22 మి.మీ. గుండ్రటి ముక్కని రెక్కలకి అంటించండి. గమ్ చేతి ముక్కకి తగిలితే అంతే, ఇక ఊగదు.

చతురస్రం 4 ఎందుకంటే దాని కర్ణం 5.7, అది 6 మి.మీ. రంధ్రంలో తిరగాలి. 5 పెడితే కర్ణం 7 దాటి ఇరుక్కుంటుంది.

బ్యాగ్ ముందు ఒక చీలిక, అందులోంచి బయటికి లాగే చీటీ. చీటీ మీద "ఇవాళ స్కూల్లో ఏం చూశావో నాకు ఫోన్లో చెప్పు" అని రాశా, అది మా అక్క, అంటే వాడి అమ్మ, చదివి వినిపించాలి, అయినా లాగడం వాడి పనే. చీటీ నార పొడుగు వెంట ఉండాలి, అడ్డంగా ఉంటే లోపలికి తోసేటప్పుడు నలిగిపోతుంది. లోపలి కొసన చీటీని ఇంగ్లీషు టీ (T) ఆకారంలో వెడల్పుగా ఉంచితే మొత్తం ఊడి రాదు.

ఇప్పటిదాకా బరువు: 12.2 + చెయ్యి, రివెట్, చీటీ 0.6 + ఆరిన గమ్ 0.4 = 13.2 గ్రా.

దశ 5: కవర్, పోస్టు

చాలా దేశాల్లో ఉత్తరానికి మొదటి బరువు మెట్టు 20 గ్రాములు. 300 జీఎస్ఎం, పెట్టె మడత, పిన్నులతో చేసిన పాత కార్డు కవర్‌తో కలిపి 22 దాటింది, ఇది దాటకూడదు. వంటింటి త్రాసు ఒక్కో గ్రాము చొప్పునే చూపిస్తుంది కాబట్టి 0.1 గ్రా. చూపించే చిన్న పాకెట్ త్రాసు వాడా. అది లేకపోతే ఒకేలాంటి పది కవర్లు కలిపి తూచి పదితో భాగిస్తే చాలు. కవర్ 4.9 వచ్చింది, మొత్తం 18.1.

కవర్లోంచి బయటికి తీసేటప్పుడు ముందున్న చెయ్యి కవర్ అతుకుకి తగులుకుని వంగింది. దాని మీద 50 మి.మీ. వెడల్పు కాగితం పట్టీ ఒకటి నడుముకి చుట్టినట్టు చుట్టా, కార్డుకి అంటించలేదు, పట్టీ చివర్లు ఒకదానికొకటి అంటించా, జారిస్తే వచ్చేస్తుంది. 1.0 గ్రా. పెరిగింది.

మందం వెర్నియర్‌తో చూస్తే ఎక్కువ ఉబ్బిన చోట 2.3 మి.మీ. ఉంది. అంతర్జాతీయ తపాలాలో చిన్న ఉత్తరానికి హద్దు 165 × 245 మి.మీ., మందం 5, దానికి చాలా లోపలే ఉన్నాం.

స్టాంపు, అడ్రస్ చీటీతో సహా చివరి బరువు: 19.3 గ్రా. మందం: 2.3 మి.మీ.

అడ్రస్‌లో మొదటి లైను వాడి పేరు, రెండో లైనులో అక్కాబావల పేర్లు. తన పేరున ఉత్తరం రావడం వాడికి ఇదే మొదటిసారి, అది కవర్ మీదే కనబడాలి. స్కూల్ తెరిచే రోజుకే చేరేలా కాకుండా మూడు నాలుగు రోజులు ముందే అందేలా వేశా. ఆ రోజు పొద్దున హడావిడిలో కార్డు ఎవరూ చూడరు, ముందే వస్తే నాలుగు బొమ్మల్నీ వాడికి ఇష్టమొచ్చినన్ని సార్లు చూపించి చెప్పొచ్చు, కార్డు అసలు పని చేసేది ఆ రోజుల్లోనే.

దశ 6: చేరాక

అక్క వీడియో పంపింది. వాడూ నేల మీద బార్లానే తెరిచాడు, బ్యాగ్ లేచింది, మూశాడు, మళ్ళీ తెరిచాడు. నాలుగో బొమ్మ దగ్గర వేలు పెట్టి "అమ్మ" అన్నాడు. స్కూల్‌కి వెళ్ళొచ్చిన రోజు సాయంత్రం ఫోన్ చేసి క్లాసులో చేపల తొట్టి ఉందని చెప్పాడు, చేపలు ఎన్నున్నాయో కూడా చెప్పాడు కానీ చెప్పిన ప్రతిసారీ లెక్క మారింది.

వారం తర్వాత కార్డు పరిస్థితి: మడత పగల్లేదు. చెవులు లేవలేదు. చెయ్యి ఇంకా ఊగుతోంది, కాస్త వదులైంది. పాడైంది చీటీ వచ్చే చీలిక, ఎడమ మూల నుంచి 8 మి.మీ. చిరిగితే అక్క వెనక టేప్ వేసింది. కట్టర్‌తో కోసిన చీలికకి మూలలు సూదిగా ఉంటాయి, లాగిన ప్రతిసారీ బలమంతా అక్కడే పడుతుంది. దీన్ని చేసేవాళ్ళు చీలిక కోసే ముందు రెండు కొసల్లో 3 మి.మీ. గుండ్రటి రంధ్రాలు వేసి, ఆ రంధ్రాల మధ్య కోయండి. వెనక వైపు 15 మి.మీ. వెడల్పు పట్టీ కూడా ఒకటి అంటించండి, 0.1 గ్రా. కూడా పెరగదు, 20 లోపే ఉంటారు.